పత్తిపూల పాఠం

ఉద్యోగ జీవితంలో ఎక్కువకాలం నేను పిల్లల టీవీకి పాఠాలు రాశాను. ఏం చేస్తారని ఎవరైనా అడిగితే "టీవీలో" అనేదాన్ని. వెంటనే వాళ్ల కళ్లు వెలిగేవి. "ఏ సీరియలు?" అనేవాళ్లు. ఒకటి, రెండు, మూడు అని లెక్కబెట్టే సీరియలు అనేసరికి వెలిగిన కళ్లు ఆరిపోయేవి. మా చుట్టాల్లో ఒకావిడకు ఇప్పటికీ నేను వార్తలు చదివేదాన్నని నమ్మకం. నేనూ కాదనలేదు, ఎంతసేపని చెప్తాం!

ఇప్పుడు ఈ పనిలోకి కొత్తవాళ్లు వస్తున్నారు. ఫోన్లో పాఠాలు, యాప్‌లో పాఠాలు అంటున్నారు. మొన్న ఇద్దరు ముగ్గురు ఇంటికొచ్చి మీ అనుభవాలు రాసివ్వండి మేడం అన్నారు. కూర్చుని చూసుకుంటే, రాయాల్సింది ముఖ్యంగా ఒక్క పాఠం సంగతే అని తేలింది. మిగతావన్నీ దాని చుట్టూ తిరిగేవే. నవ్వుకునేవి కొన్ని ఉన్నాయి. ఎక్కువ లేవు, ముందే చెప్తున్నాను.

తెరకు వీపు పెట్టి

మాది వనపర్తి. శ్రీరంగాపూర్ బడిలో చిన్న తరగతులకు చెప్పుకుంటున్నదాన్ని, కథలు బాగా చెప్తానని ఎవరో అంటే డిప్యుటేషన్ మీద తీసుకుపోయి పిల్లల కార్యక్రమంలో వేశారు. కార్యక్రమానికి పెద్ద ఖాదర్ సార్. నాగర్‌కర్నూల్ మనిషి. బక్కపలచగా, ఎప్పుడూ నలిగిన చొక్కాతో ఉండేవాడు. ఆయన్ని చూసి ఆఫీసుకు కొత్తగా వచ్చినవాళ్లు టీ తెమ్మని చెప్పిన సందర్భాలున్నాయి. తెచ్చిచ్చేవాడు కూడా.

నా మొదటి పాఠం చదివి ఆయన అన్న మాట గుర్తుంది. "మంచిగ రాసినవమ్మా. ఎవలి కోసం రాసినవ్?"

"పిల్లల కోసం సార్."

"ఏ పిల్లలు? నీకు తెల్సినోళ్లా, నువ్వు అనుకున్నోళ్లా? జర పోయి సూసి రా."

మా పనిలో ఒక పద్ధతి ఉండేది. పాఠం ప్రసారం కాకముందే దాన్ని పట్టుకుని ఏదో ఒక ఊరి బడికి పోయేవాళ్లం. టీవీ పెట్టి, మేము దానికి వీపు పెట్టి, పిల్లలకు ఎదురుగా కూర్చునేవాళ్లం. తెర మీద ఏం జరుగుతున్నదో చూడకూడదు. పిల్లల కళ్లే చూడాలి. ఎక్కడ కళ్లు జారాయో అక్కడ పాఠం తెగింది అన్నమాట. తిరిగొచ్చి ఆ ముక్క కోసేయాలి. "తెర దిక్కు సూస్తే నీ పాఠం నీకే ముద్దొస్తది" అనేవాడు ఖాదర్ సార్.

అచ్చంపేట దగ్గర ఒక బడిలో నా పాట ఒకటి పరీక్షకు పెట్టారు. ఎంతో ఇష్టపడి రాసుకున్న పాట. అది మొదలైన కాసేపటికే పిల్లలందరి కళ్లూ మెల్లగా తెర దాటి పైకి పోయాయి. చూద్దునుగదా, గోడ మీద బల్లి ఒక పురుగు కోసం కాచుకుని ఉంది. పాట అయిపోయేదాకా ఒక్కరూ కళ్లు తిప్పలేదు. బయటికొచ్చాక ఖాదర్ సార్, "పరేషాన్ కాకమ్మా. బల్లి నీకన్న మంచిగ చేసింది, గంతే" అన్నాడు. ఆ రాత్రి ఏడ్చాను. ఆ తర్వాత మాత్రం పాటలు చిన్నగా రాయడం నేర్చుకున్నాను.

మా పాఠాల్లో ఒక గుడ్డ బొమ్మ ఉండేది. పేరు బుడంకాయ. చేను గట్ల మీద కాసే బుడంకాయలాగే పొట్టిగా, చారలతో ఉండేది. దానికి ఏ లెక్కా సరిగా రాదు, ఏ అక్షరమూ తిన్నగా రాదు. పిల్లలు తెర మీదికి ఎగబడి దాన్ని దిద్దేవాళ్లు. ఊళ్లలో నన్ను బుడంకాయ మేడం అనేవాళ్లు. నా ఆకారం కూడా ఆ పేరుకు సహకరించింది.

ప్రతి పాఠం చివర తెర మీద ఒక వాక్యం వచ్చేది. "ఇప్పుడు నువ్వు చదువు." అంతే. దాన్ని ఎవరూ పైకి చదవకూడదు. బుడంకాయ చదవదు, నేపథ్యంలో గొంతు వినిపించదు, వెనక డప్పు మాత్రం మెల్లగా మోగుతుంటుంది. అది ఖాదర్ సార్ పెట్టిన నియమం. "మనం సదివితే వాళ్లు సదవరమ్మా. మనం సప్పుడు చేయకుంటెనే వాళ్ల నోరు తెరుస్తది" అనేవాడు. జూన్ నెలలో ఆ వాక్యం వచ్చినప్పుడు చిన్న తరగతి గది నిశ్శబ్దంగా ఉండేది. చలికాలం చివరికొచ్చేసరికి గదంతా ఒక్కసారి అరిచేది. అప్పుడు ఖాదర్ సార్ కళ్లు మూసుకుని వినేవాడు. ఆయనకు అంతకంటే సంతోషం ఉన్నట్టు నాకెప్పుడూ కనిపించలేదు.

జాలీలో టీవీ

బడులకు టీవీలు ఇచ్చారు. దొంగలు ఎత్తుకుపోతారని వాటికి ఇనుప జాలీలు చేయించారు. జాలీకి తాళం. తాళంచెవి హెడ్మాస్టరు జేబులో. హెడ్మాస్టరు మండలం మీటింగులో. మా కార్యక్రమం ఎన్నో పూటలు అలా జాలీ లోపల చీకట్లోనే అయిపోయేది. తాళం దొరికిన రోజు కరెంటు ఉండదు, కరెంటున్న రోజు కోతులు డిష్షు తిప్పేస్తాయి. ఇవన్నీ బాగుచేసుకోగలిగినవే. చాలావరకు చేసుకున్నాం కూడా.

బాగుచేసుకోలేనిది ఇంకొకటి ఉండింది. పాఠాల వరస. పాఠ్యపుస్తకాన్ని బట్టి వరస వేశారు. బడి తెరవగానే అంకెలు, కూడికలు. ఆగస్టు నుంచి అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు. రాష్ట్రమంతటికీ ఒకటే వరస. కాగితం మీద చూస్తే చక్కగా ఉంటుంది.

గద్వాల దిక్కు ఆగస్టు అంటే ఏమిటో ఆ కాగితానికి తెలియదు. ఆ దిక్కు సీడు పత్తి వేస్తారు. విత్తనం కోసం పెంచే పత్తి. దానికి క్రాసింగ్ అనే పని ఉంటుంది. సాయంత్రం మొగ్గను గిల్లి, లోపలి పుప్పొడి తీసేసి, గుర్తుకు ఎర్రకాగితం తొడుగుతారు. పొద్దున మగపువ్వు తెచ్చి దానికి రుద్దుతారు. ప్రతి పువ్వుకూ చేతితోనే చేయాలి. పత్తిచెట్టు ఎత్తు, ఏడెనిమిదేళ్ల పిల్ల ఎత్తు సమానంగా ఉంటాయి. వేళ్లు సన్నగా ఉంటాయి. పెద్దవాళ్ల కంటే కూలి తక్కువ. అందుకని ఆ నెలల్లో ఆడపిల్లలు బడిలో కనిపించరు. పురుగుమందు కొట్టిన చేన్లో, తలనొప్పితో, బొటనవేలి గోళ్లు నల్లబడేదాకా పనిచేస్తుంటారు. పూలు అయిపోయాక తిరిగి బడికి వస్తారు. కొందరు రారు.

సువార్త

రాజోలి పోయే దారిలో ఒక ఊరు. జూన్ నెల. బుడంకాయ మామిడికాయలు తప్పు లెక్కబెట్టే పాఠాన్ని పరీక్షకు తీసుకుపోయాం. పిల్లలందరూ "తప్పూ!" అని అరుస్తున్నారు. ఒక్క పిల్ల మాత్రం తలుపు దిక్కు చూస్తూ కూర్చుంది. చమురు లేక ఎర్రబడిన జుట్టు, పెద్ద కళ్లు. పాఠం అయ్యాక దగ్గరికి పిలిచి, ఎందుకు చూడలేదని అడిగాను.

"గట్ల ఒక్కొక్కటి లెక్కపెడితే పొద్దు గూకుతది మేడం" అంది.

"మరి నువ్వెట్ల లెక్కపెడతవ్?"

రెండు చేతులూ ముందుకు చాపింది. గాలిలో కనపడని మొగ్గల్ని రెండు చేతులతో ఒకేసారి గిల్లుతూ, "రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది, పది. గిట్ల" అంది. "పోయినేడు మా అమ్మతోటి పత్తి చేన్ల నేర్సిన."

ఆ పిల్ల పేరు సువార్త. తల్లి దేవమ్మ, కూలి చేసుకునే మనిషి. తండ్రి పట్నంలో మేస్త్రీల దగ్గర పని.

దారిలో జీపులో ఖాదర్ సార్ తన రెండు చేతులూ చాపి, గాలిలో గిల్లుతూ లెక్కబెట్టుకున్నాడు. గద్వాల వచ్చాక, "అమ్మా, మామిడికాయలు తీసెయ్. గా పిల్ల చేతులే పాఠం" అన్నాడు. నాకు ఒళ్లు పులకరించింది. రెళ్ల లెక్క నేర్పడానికి అంతకంటే మంచి పాఠం ఎవరూ రాయలేరు. పిల్లలకు తెలిసిన పని, వాళ్ల ఊరి చేను, వాళ్లలాంటి పిల్ల.

పూలు రావాలి కాబట్టి సెప్టెంబరు దాకా ఆగి షూటింగ్ చేశాం. ఎర్రకాగితాలు తొడిగిన చేను కెమెరాలో ఎంత అందంగా ఉంటుందో చెప్పలేను. సువార్త రెండు చేతులతో గిల్లుతుంటే తెర మీద రెండు, నాలుగు, ఆరు పడతాయి. బుడంకాయ వెనకబడి ఆయాసపడుతుంది. చివర్లో సువార్త ముఖం దగ్గరగా నవ్వుతుంది, కింద "ఇప్పుడు నువ్వు చదువు" అని వస్తుంది. ఆ రోజు బడి ఉన్న రోజు. ఆ పిల్ల బడి రోజున చేన్లో ఎందుకుంది అని మాలో ఒక్కరి నోటా రాలేదు. మాకు వెలుతురు బాగుంది, అంతే.

పరీక్షకు పెట్టిన ఏ బడిలోనూ ఆ పాఠానికి కళ్లు జారలేదు. నా ఉద్యోగంలో అటువంటిది అదొక్కటే. మరుసటి జూన్‌లో ప్రసారమైంది. ఎక్కడికి పోయినా పిల్లలు రెండు చేతులూ చాపి లెక్కబెడుతున్నారు. ఎక్కడో పెద్ద ఊళ్లో దానికి బహుమతి కూడా వచ్చింది. శాలువా ఖాదర్ సార్ కప్పుకున్నాడు, మిఠాయి మేము తిన్నాం.

దేవమ్మ మాట

ఆ ఆగస్టులో గుణింతాల పాఠం పట్టుకుని మళ్లీ ఆ ఊరికే పోయాను. గదిలో మగపిల్లలు కొందరు, పసిపిల్లలు కొందరు. ఆడపిల్లల వరస ఖాళీ. టీవీకి వీపు పెట్టి కూర్చుంటే నా ఎదురుగా ఖాళీ చాపలు. చూడడానికి కళ్లే లేవు. పాఠం ఆపించి చేనుకు పోయాను.

దేవమ్మ మొగ్గలు గిల్లుతూనే నన్ను చూసి నవ్వింది. "రా మేడం. మా బిడ్డను టీవీల జూపిచ్చినవ్, ఊరంతా సంబురపడ్డది."

"సంబురం సరే దేవమ్మా. సువార్తను బడికి పంపలేదేంది?"

ఆమెకు నా ప్రశ్నే అర్థం కాలేదు. కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. ఉన్నమాట చెప్పింది. "టీవీల మీరే జెప్పిన్రు గద మేడం, గీ పూల పనిలనే లెక్కలొస్తయని. బడిల జెప్పేది గూడ గదేనాయె. ఈడనే నేర్సుకుంటది, నాలుగు పైసలు గూడ వస్తయి. ఇంగ బడెందుకు?"

పక్క సాలులో ఉన్న ఇంకో తల్లి అందుకుంది. "ఆర్గనైజర్ గూడ గదే అన్నడు మేడం. చేను గూడ బడే, టీవీల జూడలేదా అన్నడు." ఆర్గనైజర్ అంటే కంపెనీకీ రైతుకూ మధ్య మనిషి, సీడు పత్తికి పిల్లల్ని కూడగట్టేవాడు. మా పాఠం వాడికి పనికొచ్చింది. అంతకుముందు తల్లులకు సర్దిచెప్పడానికి వాడు చాలా మాటలు చెప్పాల్సి వచ్చేది. ఇప్పుడు ఒక్క మాటతో పని అయిపోతున్నది.

లెక్కలు వచ్చాయమ్మా, అక్షరాలు ఇంకా రాలేదు అన్నాను. అక్షరాల పాఠాలు ఈ నెలల్లోనే వస్తాయి అన్నాను. "అయ్యో, గట్లనా?" అంది దేవమ్మ. "మరి గీ నెలల్లనే ఎందుకు పెట్టిన్రు మేడం? మేము పన్ల ఉంటమని తెల్వదా?"

తెల్వదు అని చెప్పడానికి సిగ్గేసింది. గద్వాల దిక్కు జీపుల్లో తిరిగి తిరిగి పాఠాలు తీసినవాళ్లం మేము. మాకు తెల్వదా!

సువార్త చెట్ల మధ్య నుంచి తల పైకెత్తి, "మేడం, ఇప్పుడు నాలుగు నాలుగు లెక్కపెడుతున్న" అంది గర్వంగా. గోళ్లు నల్లగా ఉన్నాయి. కళ్లు మందుకు ఎర్రబడి ఉన్నాయి. తల నిమిరితే జుట్టు మందు వాసన వేసింది. ఈ మాట రాస్తుంటే ఇప్పుడు కూడా ఆ వాసన వస్తున్నది.

వనపర్తిలో ఆడపిల్లల హాస్టలు బడి ఒకటుంది. అక్కడి వార్డెను నాతో చదువుకున్న మనిషి. సువార్తను అక్కడ చేర్పిద్దామని దేవమ్మను అడిగాను. సువార్త ఆమె కొంగు పట్టుకుని గుంజుతున్నది, పోత పోత అని. చివరికి దేవమ్మ, "దసరా ఎల్లినంక తోలిస్త మేడం. పూలు ఒడిసేదాంక ఆగు. అడ్వాన్సు తీసుకున్నం, మాట ఇచ్చినం" అంది. అబద్ధం చెప్పే మనిషి కాదు. నేను నమ్మాను. వార్డెనుకు చెప్పి ఒక సీటు ఆపించాను.

దసరా వెళ్లింది. షూటింగు పనిలో పడి కొంచెం ఆలస్యంగా పోయాను. ఇంటికి తాళం. పక్కింటామె, "పూలు ఒడిసిన్నాడే పట్నం పోయిన్రు మేడం. సువార్త అయ్య పైనుంచి పడి కాలు ఇర్గిందంట. దవాఖాన్ల ఉన్నడు. ఇంగ ఆమెనే పని జెయ్యాల్నంట" అంది. ఎక్కడ, ఏ మేస్త్రీ దగ్గర అని అడిగితే ఎవరికీ తెలియదు. పట్నం అంటే పట్నమే. హాస్టల్లో ఆ సీటు ఇంకో పిల్లకు ఇచ్చారు. ఆ పిల్లయినా చదువుకుంది, ఆ మాట చెప్పకపోతే తప్పవుతుంది.

పైవాళ్లు

ఖాదర్ సార్‌కు అంతా చెప్పాను. ఆయన వాదించలేదు. ఇంకెవరైనా అయితే మన పని పాఠం తీయడం వరకే అనేవాళ్లు. మరుసటి రోజు నన్ను వెంటబెట్టుకుని పైఅధికారి దగ్గరికి పోయాడు. రెండు కోరికలు కోరాడు. అక్షరాల పాఠాలు జూన్‌లోకి మార్చండి. పూల పాఠం ఆపేయండి.

పైఅధికారి మర్యాదస్తుడు, కుర్చీలు వేయించాడు. "సగం రాష్ట్రంలో పత్తే లేదు సార్. ఒక మూల కోసం వరస మార్చమంటే ఎట్లా?" అన్నాడు. పూల పాఠం సంగతి ఎత్తితే నవ్వాడు. "బహుమతి వచ్చిన పాఠాన్ని ఆపేయమని అడిగినవాళ్లు మీరొక్కరే."

ఆపలేదు. ప్రతి జూన్‌లోనూ వేశారు. ప్రతి జూన్‌లోనూ ఆ ముఖం నవ్వింది. చెడ్డ అధికారులు మా పనిని ఇంత పాడుచేయలేదని నా అభిప్రాయం. మర్యాదగా కుర్చీ వేసి, వరస ముఖ్యం అనేవాళ్లే ఎక్కువ పాడుచేశారు.

ఖాదర్ సార్ రిటైరైన రోజు అందరూ బహుమతి గురించే మాట్లాడారు. దండ తీసి బల్ల మీద పెట్టి, నన్ను పక్కకు పిలిచి, "గా పిల్ల ఏమైన తెల్సిందా?" అన్నాడు. లేదన్నాను. తల ఊపి వెళ్లిపోయాడు. తర్వాత ఎప్పుడు ఫోన్ చేసినా ఆ ప్రశ్నే మొదట అడిగేవాడు. ఆయన పోయి కొంతకాలమైంది. తెలిసిందని చెప్పే అవకాశం నాకు ఇవ్వలేదు.

కొత్తగా వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇదే. పిల్లల కళ్లు జారలేదని మురిసిపోకండి. పాఠం అయ్యాక ఆ పిల్ల లేచి ఎక్కడికి పోతున్నదో వెనకాలే పోయి చూడండి. ఆమె బతుకులోంచి ఒక ముక్క తెచ్చి తెర మీద పెడితే, దాన్ని ఆ ఊళ్లో ఎవరు ఎందుకు వాడుకుంటారో ముందే ఆలోచించండి. మాకు ఈ రెండూ ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినేవాళ్లం కాదేమో, బహుమతి చేతిలో ఉంది.

గద్వాల బస్టాండులో

ఈ వానాకాలం మొదట్లో ఒక పెళ్లికి గద్వాల పోయి, తిరుగు బస్సు కోసం నిలబడ్డాను. వెనక నుంచి ఎవరో, "బుడంకాయ మేడం!" అన్నారు. ఆ పేరు విని చాలా ఏళ్లయింది. తిరిగి చూస్తే ఒక చేతిలో సంచి, ఇంకో చేతిలో ఆరేళ్ల పిల్ల. కళ్లను బట్టి పోల్చుకున్నాను.

"సువార్తా!"

సంచి కింద పెట్టి నా రెండు చేతులూ పట్టుకుంది. దేవమ్మ పోయిందట. తండ్రి కుంటుతూనే ఉన్నాడట. పట్నంలోనే పెరిగి, అక్కడే పెళ్లయి, ఇప్పుడు రాజోలి దిక్కు అత్తగారి ఊళ్లో ఉంటున్నారట. "రాజోలి బస్సు ఏది మేడం? అడిగి అడిగి నోరు నొస్తుంది. పట్నంల బస్సులకు నంబర్లుంటయి, యాడికంటే ఆడికి పోతుంటి. ఈడ అన్నిటికీ పేర్లే. ఈడికొస్తెనే గుడ్డిదాన్నైత."

నవ్వుతూనే అంది. నాకు నవ్వడం చేతకాలేదు. సువార్తకు మేము అంకెలు చూపించాం. అక్షరాల వేళకు చేన్లో ఉంది. బతుకంతా అక్కడే ఆగిపోయింది.

"బడికి పోతున్నదా?" అని పిల్లను చూపించి అడిగాను.

"పోతది మేడం. పూలప్పుడు జర ఆగుతది. ఇంట్ల ఎవలు లేరు గద, నాతోటే చేనుకొస్తది." తర్వాత గుర్తొచ్చినట్టు ఫోన్ తీసింది. "సూడు మేడం, మనది ఇంగా ఉన్నది. ఎవలో ఫోన్ల పెట్టిన్రు. దీనికి రోజు గిదే గావాలె. మా అమ్మ, మా అమ్మ అంటది."

ఫోన్లో పత్తిచేను. ఎర్రకాగితాలు. రెండు, నాలుగు, ఆరు. బస్టాండు గోలలో ఆ చిన్న గొంతు లెక్కబెడుతుంటే, పక్కన సువార్త కూతురు రెండు చేతులూ చాపి లెక్కబెడుతున్నది. చివర్లో సువార్త ముఖం నవ్వింది. డప్పు మెల్లగా మోగింది. ఎవరూ ఏమీ చదవలేదు.

"గిదేంది మేడం?" అంది సువార్త, తెర కింద వేలు పెట్టి. "నా మొకం కింద ఏందో రాస్తరు. గన్నిసార్లు జూసిన. ఒక్కరు సదవరు, ఉత్త డప్పు కొడ్తరు. ఏమున్నది గాడ?"

మా నియమాన్ని నేను ఎప్పుడూ తప్పలేదు. ఆ రోజు పైకి చదివాను. "ఇప్పుడు నువ్వు చదువు."

"ఎవలికి? నాకేనా?"

"నీకే."

ఆ అక్షరాల మీద వేలు జరిపింది. తర్వాత మెల్లగా, "గప్పుడే ఎవలన్న సదివి జెప్తే అయిపోతుండె గద మేడం" అంది.

బస్సు ఒకటి వచ్చి ఆగింది. ముందుకు పోయి బోర్డు చదివి, వెనక్కొచ్చి, "ఇదేనమ్మా రాజోలిది, ఎక్కు" అన్నాను.